దేశం అతలాకుతలమవుతుంటే యూనివర్సిటీలు ఎందుకు?

ప్రశ్న: "యుద్ధమో, మహమ్మారో, ఆర్థిక పతనమో వచ్చినప్పుడు ప్రభుత్వం దగ్గరున్న కాస్త డబ్బూ తిండికి, ఆస్పత్రులకు, చిన్నపిల్లల బడులకు వెళ్ళాలి. అలాంటప్పుడు యూనివర్సిటీలు నడపడం దండగ కాదా? రెండేళ్ళు మూసేస్తే కొంపేం మునుగుతుంది? ఇంకోటి, చదువు మధ్యలో ఉన్న విద్యార్థి కొనసాగించాలా, మానేసి ఏదో ఒక పనిలో చేరాలా?"

నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆ తర్వాత పరీక్షల విభాగంలోనూ, రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ పనిచేశాను. అందుకే నా జవాబులో ఆదర్శాల కంటే మార్కుల రిజిస్టర్లు, ట్రాన్స్‌క్రిప్టులు (చదివిన పేపర్లు, వాటిలో వచ్చిన మార్కులు చూపే అధికారిక పత్రాలు) ఎక్కువగా కనిపిస్తాయి. ముందే చెబుతున్నాను.

మీ ప్రశ్నలో సగంతో నాకు పేచీ లేదు. వరద ముంచిన వారం, బాంబులు పడుతున్న వారం క్లాసులు నడపమని ఎవరూ అనరు. హాస్టళ్ళను శిబిరాలుగా, ఆడిటోరియాలను వార్డులుగా మార్చాల్సి వస్తే మార్చాల్సిందే. పేచీ అంతా "రెండేళ్ళు మూసేస్తే" అన్న మాటతోనే. ఈ ప్రయోగం చరిత్రలో ఇప్పటికే జరిగింది. ఫలితాలు చూసి మాట్లాడుకోవచ్చు.

చైనాలో సాంస్కృతిక విప్లవం మొదలైన 1966లో యూనివర్సిటీ ప్రవేశ పరీక్షను ఆపేశారు. మధ్యలో కొన్ని సంస్థలు తెరుచుకున్నా, సీట్లు ఇచ్చింది సిఫారసు మీద. మళ్ళీ పరీక్ష పెట్టింది 1977 డిసెంబరులో. పదేళ్ళకు పైగా ఆగిపోయిన బ్యాచ్‌లన్నీ ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. సుమారు 57 లక్షల మంది రాస్తే సీటు దొరికింది 2 లక్షల 73 వేల మందికి. వందకు ఐదుగురు కూడా లేరు. ముప్పైకి దగ్గరపడినవాళ్ళు, దాటినవాళ్ళు పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని రాశారు. సీటు వచ్చినవాళ్ళ విజయగాథలు బోలెడు ప్రచారంలో ఉన్నాయి. రానివాళ్ళ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు కావాల్సినవాళ్ళు ఎంతమందో లెక్క తేల్చే దారే లేదు.

కంబోడియాది ఇంకా ఘోరం. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి రాగానే ఉన్నత విద్య మొత్తం మూతపడింది. చదువుకున్నవాళ్ళను ఏరి మరీ చంపారు. 1979లో ఆ పాలన కూలాక బడులు తెరుద్దామంటే చెప్పేవాళ్ళు లేరు. ఎక్కువ తెలిసినవాళ్ళు తక్కువ తెలిసినవాళ్ళకు చెప్పాలి అనే పద్ధతిలో ఏదోలా నెట్టుకొచ్చారు. చిన్నపిల్లల బడులకే ముందు డబ్బు అన్నారు కదా, ఆ బడికి టీచరు ఎక్కణ్ణుంచి వస్తారు? ఆస్పత్రికి నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ ఎక్కణ్ణుంచి వస్తారు? ఉన్నత విద్య ఆగితే నష్టం ఆ ఏడాది కనిపించదు. ఐదారేళ్ళ తర్వాత, లెక్కల టీచరు పోస్టుకు ఒక్క దరఖాస్తూ రానప్పుడు కనిపిస్తుంది. అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఆ కుర్చీల్లో ఉండరు. బడ్జెట్ కోతల్లో యూనివర్సిటీల మీద ముందుగా వేటు పడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

సరే, మూయకూడదు. మరి భవనం పోయి, లైబ్రరీ కాలిపోయి, జీతాలు ఆగిపోయిన చోట దేన్ని నడపాలి?

చైనాలో 1937 జులైలో జపాన్ బాంబులు తియాన్‌జిన్‌లోని నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాన్ని ధ్వంసం చేశాయి. నాన్‌కాయ్, పెకింగ్, సింఘువా మూడూ కలిసి ముందు చాంగ్‌షాకు వెళ్ళాయి. యుద్ధం అక్కడికీ దగ్గరపడుతుంటే 1938లో నైరుతి మూలన ఉన్న కున్మింగ్‌కు తరలిపోయాయి. కొందరు రైళ్ళలో, ఓడల్లో చుట్టుతిరిగి చేరుకున్నారు. రెండు వందల మందికి పైగా విద్యార్థులు, వాళ్ళతో కొందరు అధ్యాపకులు మాత్రం దాదాపు 1,600 కిలోమీటర్ల దారిని చాలామటుకు నడిచే దాటారు. ఆ ఉమ్మడి విశ్వవిద్యాలయం విమాన దాడుల సైరన్ల మధ్య 1946 దాకా నడిచింది. 1957లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న చెన్ నింగ్ యాంగ్, త్సుంగ్ దావ్ లీ ఇద్దరూ అక్కడ చదివినవాళ్ళే. నోబెల్ కంటే నన్ను ఆశ్చర్యపరిచేది వేరే ఉంది. మూడు పెద్ద సంస్థలు, ముగ్గురు అధ్యక్షులు, అన్నేళ్ళు విడిపోకుండా ఒకే సిలబస్‌తో బండి లాగడం. యూనివర్సిటీ కమిటీల్లో ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళకు అది ఎంత కష్టమో తెలుస్తుంది.

అదే కాలంలో పోలండ్‌లో జరిగింది చూడండి. 1939 నవంబరు 6న క్రాకోలోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లను ఉపన్యాసం ఉందని పిలిపించి, జర్మన్లు 183 మందిని అరెస్టు చేశారు. చాలామందిని సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. కొందరు తిరిగి రాలేదు. 1942 కల్లా అదే విశ్వవిద్యాలయం ఇళ్ళల్లో రహస్యంగా పాఠాలు మొదలుపెట్టింది. సుమారు 800 మంది చదివారు. తర్వాతి కాలంలో పోప్ రెండవ జాన్ పాల్ అయిన కరోల్ వోయ్తివా వాళ్ళలో ఒకరు. దొరికితే ఏమవుతుందో చెప్పేవాళ్ళకూ తెలుసు, వినేవాళ్ళకూ తెలుసు. అయినా చదువుతో పాటు పరీక్షలు కూడా పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ చదువుకు గుర్తింపు వచ్చింది.

ప్రాణాల మీదికి వచ్చిన చోట కూడా పరీక్షలేమిటి అనిపించవచ్చు. నా పూర్వాశ్రమం కాబట్టి ఈ విషయం దగ్గర కాసేపు ఆగుతాను. సంక్షోభం వచ్చిన ప్రతిసారీ ముందుగా వినిపించే మాట "ఈసారికి అందరినీ పాస్ చేసేయండి సార్". అడిగేవాళ్ళ బాధ నిజమే. ఇంట్లో చావు జరిగినవాణ్ణి మర్నాడే వచ్చి పేపర్ రాయమనడం క్రూరత్వం. కానీ డిగ్రీ విషయంలో యూనివర్సిటీ, విద్యార్థి కాక ఇంకొకరు కూడా ఉంటారు. ఆ డిగ్రీని నమ్మి రేపు ఆపరేషన్ బల్ల మీద పడుకునే రోగి, ఆ ఇంజనీరు సంతకం చేసిన వంతెన మీద బస్సులో వెళ్ళే ప్రయాణికుడు. వాళ్ళు ధర్నాకు రారు, వినతిపత్రం ఇవ్వరు. వాళ్ళ తరఫున ఆలోచించాల్సింది యూనివర్సిటీయే.

అలాగని తెలివిగా ఏదో లెక్క వేసి గండం గట్టెక్కుదామన్నా కుదరదు. 2020లో కోవిడ్ వల్ల ఇంగ్లండ్‌లో ఏ-లెవల్ పరీక్షలు రద్దయ్యాయి. అక్కడ యూనివర్సిటీ సీటుకు అవే ఆధారం. టీచర్లు వేసిన అంచనా గ్రేడ్లను ఒక అల్గారిథమ్‌తో సవరించారు. అది ఆ బడి గత ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకుంది. దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్ల అంచనా కంటే కిందికి దిగాయి. అంతవరకూ మంచి ఫలితాలు రాని బడిలో చదివిన చురుకైన పిల్లలు ఎక్కువ నష్టపోయారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు, ముందు బ్యాచ్‌ల మార్కులు వాళ్ళ నెత్తిన పడ్డాయంతే. పిల్లలు రోడ్డెక్కారు. ఆగస్టు 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లనే ఖాయం చేసింది. అప్పుడు పై గ్రేడ్లు ఒక్కసారిగా పెరిగిపోయి, సీట్లు సర్దడం యూనివర్సిటీలకు తలనొప్పి అయింది.

నన్ను అడిగితే తేదీలు మార్చండి, పేపర్లు తగ్గించండి, రాతపరీక్ష కుదరకపోతే వైవా పెట్టండి, పుస్తకం చూసి రాసే పద్ధతి పెట్టండి. "ఈ మనిషికి ఈ పని వచ్చా?" అన్న ప్రశ్నను మాత్రం వదలకండి. ప్రాక్టికల్స్‌ను ఆలస్యంగానైనా పెట్టండి, రద్దు చేయకండి. ల్యాబ్‌లో ద్రవాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్ పట్టుకోవడం, ఇంజెక్షన్ ఇవ్వడం వీడియో చూస్తే రావు.

ఇక రికార్డులు. మామూలు రోజుల్లో ఎవరికీ పట్టని గది అది. బూజు పట్టిన రిజిస్టర్లు, ఒక క్లర్కు, ఒక బీరువా. యుద్ధమో భూకంపమో వచ్చాక అందరికీ గుర్తొచ్చే గదీ అదే. 2014లో తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక దొనేత్స్క్ జాతీయ విశ్వవిద్యాలయం విన్నిట్సియా నగరానికి తరలివెళ్ళి, ఒకప్పుడు వజ్రాలు సానపట్టిన ఫ్యాక్టరీ ఆవరణలో మళ్ళీ మొదలైంది. అలా తరలివెళ్ళే ఏ సంస్థ అయినా బల్లలు కొనుక్కోగలదు, కంప్యూటర్లు విరాళంగా తెచ్చుకోగలదు. ముప్పై ఏళ్ళ విద్యార్థుల ఫైళ్ళు వెనకే ఉండిపోతే వాటిని ఎక్కడా కొనలేదు.

దాని ఫలితం అనుభవించేది శరణార్థులు. సొంత దేశంలో పదేళ్ళు ఫార్మసిస్టుగా చేసినామె కాగితం లేనందువల్ల పరాయి దేశంలో గోడౌన్‌లో పెట్టెలు సర్దుతుంది. ఈ సమస్య కొత్తది కాదు. డిగ్రీల గుర్తింపు మీద ఐరోపా దేశాలు 1997లో చేసుకున్న లిస్బన్ ఒప్పందంలో 7వ అధికరణ ఉన్నది దీనికోసమే. శరణార్థి దగ్గర పత్రాలు లేకపోయినా అతని చదువును న్యాయంగా అంచనా వేసే పద్ధతి ఉండాలని అది చెబుతుంది. చాలా దేశాలు చాలాకాలం దాన్ని కాగితం మీదే ఉంచాయి. 2017లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ శరణార్థుల కోసం అర్హతల పాస్‌పోర్ట్ మొదలుపెట్టింది. ఉన్న పత్రాలు చూస్తారు, లేనివాటి కోసం నిపుణులు కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు. ఏం చదివారు, ఏ పేపర్లు, ఎవరు చెప్పారు, ఎక్కడ పనిచేశారు అని. తేలినదాన్ని రాసి ఇస్తారు, అది ఐదేళ్ళు చెల్లుతుంది. చట్టపరంగా డిగ్రీకి సమానం కాదు. కానీ గోడౌన్ నుంచి ఇంటర్వ్యూ గదిదాకా వెళ్ళడానికి పనికొస్తుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్కల్లో ఉన్నత విద్యలో ఉన్న శరణార్థి యువత 2023 నాటికి దాదాపు 7 శాతం. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఆ సగటు 40 శాతం పైనే. 2030 నాటికి శరణార్థుల్లో 15 శాతాన్ని చేరాలన్నది ఆ సంస్థ పెట్టుకున్న లక్ష్యం.

పరిశోధన సంగతికి వద్దాం. కోవిడ్ రోజుల్లో అందరూ న్యూటన్ కథ చెప్పారు. 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జ్ మూసేస్తే ఆయన ఇంట్లో కూర్చుని కాలిక్యులస్ కనిపెట్టాడని. ఆ కథ విన్నప్పుడల్లా నాకు చిరాకు. ఆయన అప్పటికే డిగ్రీ పూర్తిచేశాడు, ఊళ్ళో ఎస్టేటు ఉంది, వంట చేసి పెట్టేవాళ్ళున్నారు. ఇరుకు ఇంట్లో ఫోన్ డేటా అయిపోతుందని టెన్షన్ పడే పిల్లకు ఆ కథ చెప్పి ఏం లాభం?

అంతకంటే పనికొచ్చే కథ కాటలిన్ కరికోది. ఆమె పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు) మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. నిధులు రాలేదు. 1995లో అదే విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి ప్రచురించిన పేపర్‌కు అప్పట్లో పెద్దగా స్పందన లేదు. పదిహేనేళ్ళ తర్వాత కోవిడ్ టీకాలకు అదే పునాది అయింది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే నీళ్ళు రావు. సంక్షోభంలో యూనివర్సిటీ ఇచ్చేదంతా అంతకుముందు ఎవరికీ అక్కర్లేదనిపించిన రోజుల్లో తవ్వి పెట్టుకున్నదే. "దీనివల్ల ఉపయోగమేంటి?" అని ప్రతి ప్రాజెక్టునూ నిలదీసే విధానకర్తలు, తమ ఆస్పత్రికి ఉపయోగపడిన దాన్ని పదేళ్ళ క్రితం ఇదే ప్రశ్నతో ఆపేసేవాళ్ళే.

చేతులతో చేసే సాయం కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010, 2011 భూకంపాల తర్వాత కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫేస్‌బుక్ ద్వారా కూడి, స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ పేరుతో వేలమందిగా వీధుల్లోని బురద ఎత్తిపోశారు. మంచి పనే. కానీ పార పట్టడానికి యూనివర్సిటీయే అక్కర్లేదు, కాబట్టి ఉన్నత విద్య అవసరానికి దీన్ని ప్రధాన వాదనగా నేను వాడను.

ఇక్కడ మీ అనుమానానికి బలం ఇచ్చే విషయం కూడా చెప్పాలి. చదువు మనుషుల్ని మంచివాళ్ళుగా మారుస్తుందని, అందుకే అల్లకల్లోలంలో అది దేశాన్ని కాపాడుతుందని ఉపన్యాసాల్లో అంటుంటారు. నేను ఒప్పుకోను. 1933 మే 10న జర్మనీలో పుస్తకాలను కుప్పలుపోసి తగలబెట్టింది చదువురాని గుంపు కాదు, జర్మన్ విద్యార్థి సంఘం. చాలాచోట్ల ప్రొఫెసర్లు పక్కన నిలబడి ఉపన్యాసాలిచ్చారు. 1942 జనవరి 20న వాన్‌సేలో యూదుల సామూహిక హత్యకు ఏర్పాట్లు సమన్వయం చేసుకున్న సమావేశంలో 15 మంది కూర్చుంటే, ఎనిమిది మందికి డాక్టరేట్లున్నాయి. డిగ్రీ మనిషికి సామర్థ్యం ఇస్తుంది. ఆ సామర్థ్యం ఎటు తిరుగుతుందనేది ఆ సంస్థలో ఎదురు మాట్లాడే అలవాటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ అలవాటు ఉన్నచోట ఏం జరిగిందో కూడా చెబుతాను. 1940 నవంబరు 26న జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో, యూదుడైనందుకు పదవి పోగొట్టుకున్న ఎడ్వర్డ్ మేయర్స్ పాఠం చెప్పాల్సిన గంటకు, ఆయన శిష్యుడూ సహోద్యోగీ అయిన రుడాల్ఫ్ క్లెవెరింగా వేదిక ఎక్కాడు. నినాదాలు లేవు. మేయర్స్ న్యాయశాస్త్రానికి ఏం చేశాడో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి, అలాంటివాణ్ణి తీసేశారని చెప్పి దిగాడు. విద్యార్థులు సమ్మెకు దిగారు, క్లెవెరింగా జైలుకెళ్ళాడు, జర్మన్లు విశ్వవిద్యాలయాన్ని మూసేశారు. దాంతో ఆక్రమణ ఏమీ ఆగలేదు. కానీ ఎవరి కొలువు పోతోందో, ఎందుకు పోతోందో పేరు పెట్టి బహిరంగంగా చెప్పే చోటు ఒకటి ఆ రోజు ఉంది. 2022 డిసెంబరులో అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు అమ్మాయిలకు యూనివర్సిటీ తలుపులు మూశారు. ఉన్నత విద్య దండగ అనుకునేవాడు దాన్ని నిషేధించే శ్రమ తీసుకోడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, కొనసాగించాలా మానాలా. సంక్షోభం ఏ రకమన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఆర్థిక మాంద్యమైతే సాధారణంగా చదువే మేలు. ఉద్యోగాలే లేనప్పుడు చదువుకోసం వదులుకునే జీతం కూడా ఉండదు కదా. అందుకే మాంద్యంలో కాలేజీలు నిండుతాయి. అమెరికాలో 2007లో 1 కోటి 82 లక్షలున్న విద్యార్థుల సంఖ్య 2010 నాటికి 2 కోట్ల 10 లక్షలైంది. కెనడా గ్రాడ్యుయేట్ల మీద ఫిలిప్ ఓరియోపౌలోస్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాంద్యంలో బయటికొచ్చినవాళ్ళ సంపాదన మొదట్లో సుమారు 9 శాతం తక్కువ. ఆ తేడా పూడటానికి పదేళ్ళ దాకా పట్టింది. త్వరగా కోలుకున్నవాళ్ళు మొదట దొరికిన చిన్న ఉద్యోగంలోనే ఉండిపోకుండా మంచి జీతమిచ్చే సంస్థలకు మారినవాళ్ళు. కాబట్టి గత్యంతరం లేక ఏదో పనిలో చేరినా తప్పులేదు, అక్కడే పాతుకుపోకండి.

అయితే భయపడ్డ జనాన్ని చూసి పుట్టుకొచ్చే కోర్సులతో జాగ్రత్త. అమెరికాలో కోరింథియన్ కాలేజెస్ అనే లాభాపేక్ష సంస్థ ఉద్యోగాల గురించి తప్పుడు లెక్కలు చూపి పిల్లల్ని చేర్చుకుని, 2015లో మూతపడింది. ఆ విద్యార్థుల అప్పులు, 580 కోట్ల డాలర్లు, ప్రభుత్వం మాఫీ చేసేసరికి 2022 వచ్చింది. అప్పు చేసి చేరేముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో సంస్థ వెబ్‌సైట్‌లో కాకుండా, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో చూడండి. పాత బ్యాచ్‌వాళ్ళు ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడండి.

యుద్ధం, విపత్తు, ఇంట్లో సంపాదించే మనిషి పోవడం లాంటివైతే సంగతి వేరు. కుటుంబం నిలబడాలంటే మీరు పని చేయాల్సిందే అయితే చేయండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మాయమైపోకండి. చెప్పాపెట్టకుండా మానేసినవాళ్ళ కంటే, రాతపూర్వకంగా విరామం తీసుకున్నవాళ్ళను మళ్ళీ చేర్చుకోవడం ఏ ఆఫీసుకైనా చాలా తేలిక. ఒక దరఖాస్తు రాయండి, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పెట్టించండి, అందినట్టు ముద్ర వేసిన కాపీ తీసుకోండి. అప్పటిదాకా పాసైన సెమిస్టర్లకు ట్రాన్స్‌క్రిప్ట్ అడగండి. ఆఫీసు నడుస్తున్నప్పుడే అడగాలి, పరిస్థితి చెయ్యిదాటాక కౌంటర్లో మనిషి ఉండడు. వాటన్నిటినీ స్కాన్ చేసి మీ ఈమెయిల్‌లో ఒకటి, వేరే ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి ఉంచండి. ఐడీ కార్డు, ఫీజు రసీదులు పారేయకండి. మీ చదువు గురించి నాలుగు మాటలు రాసివ్వగల అధ్యాపకుల సొంత ఈమెయిల్ తీసుకోండి, ఎందుకంటే యూనివర్సిటీ సర్వర్ పోతే అక్కడి ఈమెయిల్ కూడా పోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జనం మరిచిపోయేది సిలబస్ కాపీ. మార్కుల జాబితాలో పేపరు పేరు మాత్రమే ఉంటుంది. ఆ పేపరులో మీరు ఏం చదివారో చూస్తేగానీ ఇంకో యూనివర్సిటీ మీ క్రెడిట్లు కలుపుకోదు, లేకపోతే అదే పేపరు మళ్ళీ మొదటినుంచి రాయమంటుంది.